పూజగది గోడ మీంచి వెండితెర మీదికి...

మీ ఇంట్లో మామ్మగారి పూజగది ఉందా? ఉంటే ఓసారి లోపలికి తొంగి చూసి రండి. తామరపువ్వు మీద నిలుచున్న లక్ష్మీదేవి ఉంటుంది. నాలుగు చేతులు, పక్కన ఏనుగు, ఒంటి మీద చక్కని చీర. ఆ పటం పక్కనే చిరునవ్వుతో కృష్ణుడు... కాస్త పరకాయించి చూడండి. ఆయన మన ఎన్.టి. రామారావు కాదూ!

ఈ రెండు పటాలకీ చుట్టరికం ఉందంటోంది ఓ అమ్మాయి. పుట్టింది బెజవాడలో, చిత్రకళ చదువుతున్నది విశాఖపట్నంలో. "పేరు మాత్రం రాయకండి. మా నాన్న ఈ పేజీలన్నీ చదువుతారు" అంది. ఎందుకలా అందో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందు ఆ చుట్టరికం సంగతి చూద్దాం. కిలిమానూరులో 1848లో పుట్టిన రాజా రవివర్మ తైలవర్ణ చిత్రాలు రాజుల కొలువుల్లో వేలాడేవి. మామూలు జనం వాటిని చూసే వీలెక్కడిది? 1894లో ఆయన బొంబాయిలో అచ్చు ప్రెస్సు పెట్టించాడు. దాంతో శకుంతల, దమయంతి, లక్ష్మి, సరస్వతి అందరూ రంగుల కాగితాలై ఊరూరా ఇళ్ళలోకి నడిచి వచ్చేశారు. మన ఆడవాళ్ళు కట్టే చీరల్నే ఆయన దేవతలకీ కట్టాడు. దేవతలు మనవాళ్ళయిపోయారు!

ఆ ప్రెస్సుకి పనిచేసిపెట్టిన వాళ్ళలో ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే ఒకాయన. ఆ, మీరనుకున్న ఫాల్కేయే! 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసిన దాదాసాహెబ్. రాజు, రాణి, కొడుకు కలిసి కనిపించే ఆ సినిమా మొదటి దృశ్యం చూస్తే, పటానికి ప్రాణం వచ్చినట్టే ఉంటుంది. అన్నట్టు ఇక్కడో తమాషా ఉంది. రవివర్మ బొమ్మలకి ఆడవాళ్ళు మోడల్స్‌గా కూర్చున్నారు. ఫాల్కేకి మాత్రం తారామతి వేషానికి ఆడమనిషే దొరకలేదు. చివరికి హోటల్లో పనిచేసే సాలుంకే అనే కుర్రాడికి చీర కట్టారు. 1917లో వచ్చిన 'లంకాదహనం'లో ఆ కుర్రాడే రాముడు, అతనే సీత!

"గంగని తీసుకోండి" అంది మన విద్యార్థిని. నడుం మీద చేతులు పెట్టుకుని, కాళ్ళు ఎడంగా ఉంచి, తల పైకెత్తి 'రా, చూస్తాను' అన్నట్టు నిలబడతాడు రవివర్మ శివుడు. ఆకాశం నుంచి గంగ దిగుతూ ఉంటుంది. ఫాల్కే చివరి చిత్రం 'గంగావతరణ్' (1937). ఆయన తీసిన ఒకే ఒక్క టాకీ కూడా అదే. 1976లో బాపు 'సీతాకల్యాణం'లో గంగని దింపాడు. ఆ ట్రిక్కులు చేసింది రవికాంత్ నగాయిచ్. ఆ గంగ హోరు వింటూ నోళ్ళు వెళ్ళబెట్టిన వాళ్ళలో మీ నాన్నగారు కూడా ఉండే ఉంటారు, అడిగి చూడండి.

"అయితే బాపు రవివర్మని కాపీ కొట్టాడంటావా?" అన్నాను, ఆ అమ్మాయిని కాస్త ఉడికిద్దామని.

"ఛ, ఛ! రవివర్మది నీడండీ. బాపుది గీత. ఇద్దరిదీ ఒకే కథ, అంతే" అంది తడుముకోకుండా.

నాకా జవాబు నచ్చింది. 'మాయాబజార్' (1957) విషయంలో ఆమె చెప్పింది మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను. కృష్ణుడు కనిపించే ప్రతి షాటూ చట్రం కట్టిన పటమేనని ఆమె వాదన. గోఖలే, కళాధర్‌ల సెట్లు, మార్కస్ బార్ట్‌లే వెలుగునీడలు, కె.వి. రెడ్డి లెక్కలు... ఇన్ని తలకాయల పనిని పటం ఖాతాలో వేసేస్తే ఎలా? పైగా శశిరేఖ కథ అప్పటికే నాటకాల్లో నలిగి నలిగి ఉంది. కానీ ప్రియదర్శిని పెట్టె సంగతి ఎత్తేసరికి నేనూ ఆలోచనలో పడ్డాను. పెట్టె తెరిస్తే మనసులోని మనిషి కనిపిస్తాడు. సావిత్రి ఆ వెలుగులోకి చూస్తూ మురిసిపోతుంది. పటం ముందు మామ్మ, తెర ముందు మనం చేసేది కూడా అదే కదా!

ఆ తర్వాత జరిగింది ఇంకా గమ్మత్తు. రామారావు కృష్ణుడు తెర దిగి కేలండరెక్కాడు. పూజగదిలో రవివర్మ లక్ష్మి పక్కన చోటు సంపాదించాడు. పటంలోంచి సినిమా, సినిమాలోంచి మళ్ళీ పటం. ఇది ఇక్కడితోనూ ఆగలేదు. 2020లో ఫోటోగ్రాఫర్ జి. వెంకట్ రామ్ సమంత, రమ్యకృష్ణ, శ్రుతిహాసన్ వంటి తారల్ని రవివర్మ బొమ్మల్లోలా ముస్తాబు చేసి ఏకంగా ఓ కేలండరే తీశాడు.

ఇంత మక్కువ ఉన్న అమ్మాయి కాలేజీలో మొదటి ఏడాది రవివర్మ పేరే ఎత్తలేదట. ఓ రోజు లెక్చరర్ ఆమె గీసిన బొమ్మ చూసి "ఇది కేలండర్ బొమ్మలా ఉంది" అన్నాడట. క్లాసంతా గొల్లున నవ్వింది. తిట్టు కొత్తదేం కాదు. రవివర్మవి నాటకాల ఫక్కీ బొమ్మలని ఆనంద కుమారస్వామి అంతటివాడే ఈసడించాడు. అదే రవివర్మ చిత్రాల్ని 1979లో ప్రభుత్వం జాతీయ కళాసంపదగా ప్రకటించింది. ఇవన్నీ ఆ అమ్మాయికి తర్వాత తెలిశాయి. ఆ రోజు మాత్రం గొంతుకేదో అడ్డం పడిందట. ఎందుకంటే వాళ్ళ నాన్న సినిమా బేనర్లు రాసిన మనిషి. ఎవరైనా అడిగితే "నాన్న బిజినెస్" అని చెప్పేది.

ఫ్లెక్సులొచ్చాక ఆయన కుంచె మూలపడింది. 2010 జనవరిలో రంగుల 'మాయాబజార్' వచ్చినప్పుడు, రెండో క్లాసు చదివే కూతుర్ని భుజానెత్తుకుని హాలు ముందు నిలబడ్డాడట. ఫ్లెక్సు మీది కృష్ణుణ్ణి చూసి "చేతులు బాగా రాలేదే, అమ్మలూ" అన్నాడట. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

ఇప్పుడామె పరిశోధన వ్యాసం రాస్తోంది. రవివర్మతో మొదలుపెట్టి తండ్రి బేనర్లతో ముగించాలని సంకల్పం. నిరుడు సెలవుల్లో ధైర్యం చేసి ఆయన్నే అడిగింది. ఆయన చెప్పుకొచ్చాడు. గుడ్డకి తెల్లరంగు పూసేవారు. స్టిల్ మీద గళ్ళు గీసి, అవే గళ్ళు గుడ్డ మీద పెద్దవి చేసి, గడి తర్వాత గడి నింపేవారు. స్టిల్లులో మొహం తప్ప ఇంకేం లేకపోతే?

"మీ నాయనమ్మ పూజగదిలోకెళ్ళి కృష్ణుడి చేతులు చూసొచ్చేవాణ్ణి" అన్నాడట.

ఆమె ఎగిరి గంతేసింది. తన వ్యాసానికి కావలసిన సాక్ష్యం ఇంట్లోనే దొరికింది! "ఆ బేనర్లేవి నాన్నా?" అంది. ఆయన నవ్వాడు. సినిమా మారగానే దాని మీద మళ్ళీ తెల్లరంగు పూసి, ఇంకో హీరోని రాసేవారట. ఒక్కటీ మిగల్లేదు.

మిగిలిందల్లా ఒక ఫోటో. టిక్కెట్ల కోసం తోసుకునే జనం, వాళ్ళ తలల పైన సగం బేనర్. మొహం ఫోటోలో పడలేదు. వేణువు పట్టుకున్న రెండు చేతులు మాత్రం ఉన్నాయి. ఆ ఫోటోని వ్యాసంలో మొదటి పేజీకి అంటించింది. కింద వాళ్ళ నాన్న పేరు, పక్కన ఆర్టిస్టు అని రాసింది. ఆయనకింకా చూపించలేదు.