కొల్లేరు లెక్కలు శాసనసభకు చేరేదెలా?

విజయవాడ: బుడమేరు పేరు వింటేనే సింగ్‌నగర్ వాసులు ఉలిక్కిపడుతున్నారు. 2024 సెప్టెంబరు 1న ఆ ఏటికి గండ్లు పడి నగరంలో కాలనీలకు కాలనీలే నీట మునిగిన సంగతి విదితమే. బుడమేరు చివరకు కలిసేది కొల్లేటిలో. కొల్లేటి నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. కనుక కొల్లేరు ఎంత మేర ఆక్రమణకు గురైందన్న లెక్క కైకలూరు రైతుకే కాదు, బెజవాడ వాసికీ అవసరమే. ఆ లెక్క కట్టిన పండితులున్నారు. అయితే అది శాసనసభ్యులకు సకాలంలో చేరిందా అన్నదే ప్రశ్న.

నాటి మిత్రా కమిటీ

1964లో వరదలు డెల్టాను ముంచెత్తాక మురుగుకాల్వల తీరును పరిశీలించేందుకు ఎ.సి. మిత్రా అధ్యక్షతన నిపుణుల కమిటీ ఏర్పడింది. దాని సిఫార్సులు అటక ఎక్కలేదు. డ్రైన్ల బాగుకు డబ్బు కావాలి గనుక 1968లో కృష్ణా, గోదావరి డెల్టా డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. నిపుణుల మాట శాసనంగా మారడమంటే ఇదే.

ఆ రోజుల్లో కేంద్రంలో నీటిపారుదల శాఖ చూస్తున్నది విజయవాడ పార్లమెంటు సభ్యుడు డాక్టర్ కె.ఎల్. రావు కావడం గమనార్హం. కంకిపాడులో పుట్టి, బర్మింగ్‌హాంలో డాక్టరేటు పొంది, అధ్యాపకుడిగానూ పనిచేసిన ఇంజనీరు ఆయన. నిపుణుల నివేదికను మరొకరు విడమరచి చెప్పవలసిన అవసరం ఆయనకు లేదు. అటువంటి మంత్రి ప్రతిసారీ దొరకరు.

ఉపగ్రహ చిత్రం చెప్పినది

సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు వరకు కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్ని పరిశీలించింది. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతం చేపల చెరువుల కిందికి పోయిందని తేల్చింది. ఈ వ్యాసం 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఇంగ్లీషులో వచ్చింది. కొల్లేటి లంకల్లో దానిని చదివేవారెందరు?

2006లో సుప్రీంకోర్టు జోక్యంతో చెరువుల గట్లు తెగ్గొట్టారు. రెండేళ్లకు, అంటే 2008లో, అభయారణ్యం పరిధిని 3వ కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. జిరాయితీ భూములు ఇరుక్కుపోయిన రైతుల గోడు న్యాయమైనదే. అది రోజూ శాసనసభ్యుల గుమ్మం ముందు వినిపిస్తుంది. పరిశోధకుడు మాత్రం ఆ గుమ్మం తొక్కడు. తర్వాత కేంద్రం పి.ఎ. అజీజ్ అధ్యక్షతన కమిటీ వేసింది. పరిధి తగ్గించరాదని ఆ కమిటీ చెప్పింది. ముందు తీర్మానం, ఆ పైన పరిశీలన! జరగవలసింది ఇందుకు తలకిందులు.

చేయదగినదేమిటి?

పరిశోధకులు తమ వ్యాసంతోపాటు తెలుగులో రెండు పుటల సారాంశం రాయడం మొదటి పని. చదరపు కిలోమీటర్లు చెబితే చాలదు. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు, ఏ డ్రైను ఎంత పూడింది, బాగుచేయడానికి ఎంత ఖర్చు అన్నది ఉండాలి. భూమి పోయే రైతుకు ప్రత్యామ్నాయమేమిటో కూడా చెప్పాలి. వద్దని మాత్రమే చెప్పే నివేదికను ఏ ప్రజాప్రతినిధీ భుజాన వేసుకోలేడు. ఆ కాగితాన్ని బడ్జెట్టు సమావేశాలు ముగిశాక కాక, ముందుగానే శాసనసభ్యులకు, జిల్లా నీటిపారుదల సలహా మండలికి అందించాలి.

బాధ్యత ఒక వైపే లేదు. శాసనసభా సంఘాలు నిపుణులను పిలిపించి వినవచ్చు. కాంటూరును గురించి చేయి ఎత్తే ముందు ఒక్క పూట ఆచార్యుణ్ణీ, లంక గ్రామ రైతునూ ఎదురెదురుగా కూర్చోబెట్టి వింటే ఇద్దరి లెక్కలూ సభకు తెలుస్తాయి.

వానాకాలం ఏటా వస్తుంది. బుడమేరు మళ్లీ పొంగేలోగానైనా ఆ పూట వస్తుందని నగరవాసులు ఆశిస్తున్నారు.