విశ్వాసం వేరు, పిడివాదం వేరు

మన విశాఖ ఓడరేవు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదానిపై దర్గా, ఒకదానిపై చర్చి, మరొకదానిపై వేంకటేశ్వరుని గుడి. ప్రతి మతానికీ ‘ఇది మా మూల విశ్వాసం’ అనేవి కొన్ని ఉంటాయి. ఇంగ్లీషులో దాన్ని డాగ్మా అంటారు. మరి ఆ మాట నిందగా ఎందుకు మారింది?

గ్రీకులో డాగ్మా అంటే ‘సరైనదని తోచిన అభిప్రాయం’; ‘శాసనం’ అని కూడా అర్థం. కేథలిక్ చర్చిలో విశ్వాసులందరూ తప్పక అంగీకరించవలసిన సిద్ధాంతానికి ఈ పేరు స్థిరపడింది. తత్వశాస్త్రంలో మాత్రం పరీక్షించకుండా ఒప్పేసుకోవడానికి ఈ మాట వాడారు. హ్యూమ్ ఆలోచనలే తనను అలాంటి నిద్ర నుంచి లేపాయని జర్మన్ తత్వవేత్త కాంట్ 1783లో రాశారు.

మనం ‘అఖీదా’ అంటాం. అరబ్బీలో దాని మూలధాతువుకు ముడి వేయడం అని అర్థం. నికాహ్ ఒప్పందాన్నీ ‘అఖ్ద్’ అనే అంటాం. వధూవరుల సమ్మతి లేనిదే నికాహ్ ముడి పడదు. విశ్వాసమూ అంతే, తెలిసి, మనసారా వేసుకునే ముడి. అల్లాహ్, దైవదూతలు, దైవగ్రంథాలు, ప్రవక్తలు, అంతిమదినం, విధివ్రాత: ఈ ఆరే ఈమాన్ మూలాంశాలు. పెద్దలు చెప్పారని గుడ్డిగా నమ్మడంతో తృప్తిపడక సత్యాన్ని వెతికినవారు ఇమామ్ గజాలీ (1058–1111). ఆ అన్వేషణ ఆయన విశ్వాసాన్ని గట్టిపరిచిందే గాని సడలించలేదు.

పిడివాదం దీనికి భిన్నం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం.

కొన్నేళ్ల క్రితం మా బడిలో పదో తరగతి మంచి మార్కులతో పాసైన ఒక అమ్మాయిని తండ్రి చదువు మాన్పించబోయారు. “మా దీన్‌లో ఆడపిల్లకు ఇంతే చాలు మాస్టారూ” అన్నారు. “భాయ్, ఆ ఆరింటిలో ఇది ఎక్కడుంది? మొదట అవతరించిన మాట ‘ఇఖ్రా’, చదువు అని కదా?” అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “ఫీజు కట్టలేను, ఆ మాట చెప్పుకోలేక దీన్ పేరు చెప్పాను” అన్నారు.

ఆ రోజు నేనూ ఒక పాఠం నేర్చుకున్నాను. పిడివాదం వెనుక కొన్నిసార్లు పేదరికం దాక్కుని ఉంటుంది. దానికి జవాబు వాదన ఒక్కటే కాదు, సాయం కూడా. దాతలారా! మీరిచ్చే ప్రతి రూపాయీ ఒక ఇంట్లో అలాంటి సాకు అవసరం లేకుండా చేస్తుంది. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.