తేనె తీయడం ఆఖరి పాఠం

"అన్నా, ఒక్క పెట్టెకి ఎన్ని కిలోల తేనె వస్తుంది?" ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఇదే. నేనూ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను, మొదటి పెట్టె పోగొట్టుకున్నాను. అందుకే ఈ వీడియోలో తేనె తీయడం కన్నా పెట్టె తెరిచి చూడటమే ఎక్కువసేపు చూపించాను.

మాది మామిడి తోట, గట్ల మీద మునగ, కొబ్బరి. పెట్టెలో పెట్టింది మన పుట్ట తేనెటీగ. ఇటాలియన్ ఈగ తేనె ఎక్కువ ఇస్తుంది, నిజమే. కానీ పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు మోసుకెళ్లాలి. కొత్తవాళ్లకి మన ఈగే నయం. దీనికి ఒక గుణం ఉంది: తిండి లేకపోయినా, ఊరికే కదిలించినా గూడు వదిలి లేచిపోతుంది.

మునగ పూత మీద తేనె బాగా చేరింది. ఆశకొద్దీ పై అరలోదే కాక కింది అరలోదీ తీశాను. కింది అరలోది ఈగలకీ, పిల్లలకీ తిండి. ఆ తర్వాత వానలు ముదిరాయి, పూత లేదు. పంచదార పాకం పెట్టమన్నారు. ప్రకృతి వ్యవసాయం చేస్తూ పంచదారేంటి అని నేను పెట్టలేదు. ఒకరోజు మూత తీస్తే ఈగలు లేవు. ఎండిన పట్లు, వాటి నిండా మైనం పురుగు అల్లిన గూళ్లు. వాళ్ల తిండి మనం తీసుకున్నాక సిద్ధాంతం మాట్లాడటం ఏం న్యాయం?

ఇప్పుడు పూత లేని రోజుల్లో పంచదార, నీళ్లు సమానంగా కలిపి సాయంత్రం పెట్టె లోపలే పెడతాను. ఈగలు మునగకుండా గిన్నెలో నాలుగు పుల్లలు వేస్తాను. పగలు బయట పెడితే పక్క గూళ్ల ఈగలు దోపిడీకి వస్తాయి. ఈ పాకంతో చేరినదాన్ని మాత్రం తేనె అని అమ్మకూడదు.

వారం, పది రోజులకోసారి కొంచెం పొగ పట్టి చూడండి. రాణి కోసం ప్రతిసారీ వెతకక్కర్లేదు. గది అడుగున సన్నని తెల్లటి గుడ్డు, గదికొకటి చొప్పున కనబడితే చాలు. గుడ్డు మూడు రోజులకి పురుగవుతుంది కాబట్టి, మూడు రోజుల కిందటి దాకా రాణి ఉన్నట్టే. స్టాండు కాళ్లకి నీళ్ల గిన్నెలు మరవొద్దు, చీమలు ఒక్క రాత్రిలో పని కానిస్తాయి. కుట్టించుకోవడం మామూలే, ముల్లుని వెంటనే గీకేయండి. ఊపిరి ఆడనట్టుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో సంగతి. మన కషాయాలన్నీ ఈగలకి మంచివేం కావు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, పూత మీద అసలు కొట్టొద్దు. మనం మానేసినా సరిపోదు, ఈగ కిలోమీటరు దూరం వెళ్లి మేస్తుంది. పక్క చేలో మధ్యాహ్నం మందు కొట్టిన రోజు మా పెట్టె ముందు చచ్చిన ఈగల్ని చీపురుతో ఊడ్చాను. పోట్లాడాలనిపించింది. ఆగి, ఆ చేను బాబాయికి పెట్టె తెరిచి పిల్లల్ని చూపించాను. మొన్న ఆయనే ఫోన్ చేశాడు: "ఒరేయ్, రేపు మందు కొడుతున్నా, నీ ఈగల్ని చూసుకో." ఈగలు గూటికి చేరాక, పొద్దుగూకే వేళ కొట్టమని అడిగాను. సరేనన్నాడు.