సంతకం ఇక్కడిది, కేసు చికాగోది

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగితే విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఆ మెట్లెక్కిన ప్రతి కుటుంబమూ చివరికి బ్యాంకు కౌంటర్ దగ్గర తేలాల్సిందే. టెక్సాస్‌లో చేరబోయే అమ్మాయికి సెమిస్టర్ ఫీజు పంపాలంటే ఏ2 ఫారం నింపాలి, పాన్ నంబరు ఇవ్వాలి, డబ్బు దేనికోసమో చెప్పే పర్పస్ కోడ్ రాయాలి, యూనివర్సిటీ పంపిన కాగితాల జిరాక్స్ జతచేయాలి. రిజర్వు బ్యాంకు ఒక మనిషికి మామూలుగా పెట్టిన హద్దు ఏడాదికి 2,50,000 డాలర్లు. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. కానీ 2013 జూన్‌లో చికాగోలోని ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ నమోదు చేసిన ఒక అభియోగపత్రాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టైటానియం ఖనిజం తవ్వకాలకు అనుమతుల కోసం ఇక్కడి, కేంద్రంలోని అధికారులకు కనీసం 1.85 కోట్ల డాలర్ల లంచం ఇచ్చేందుకు కుట్ర జరిగిందని అందులో ఉంది. 74 మంది తమ ఏడాది హద్దును ఆఖరి డాలరు దాకా వాడుకుంటేగానీ అంత మొత్తం కాదు. దానికి ఏ పర్పస్ కోడ్ రాశారో మరి!

కేసు సంగతి క్లుప్తంగా చెప్పుకోవాలి. ఉత్తరాంధ్ర తీరంలోని ఇసుకలో ఇల్మెనైట్ ఉంటుంది. దాన్నుంచి వచ్చే టైటానియం విమానాల తయారీకి కావాలి. 2006 ఏప్రిల్‌లో ఉక్రెయిన్ వ్యాపారి ద్మిత్రో ఫిర్తాష్ గ్రూపులోని బోత్లీ ట్రేడ్ అనే స్విస్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఉమ్మడి ప్రాజెక్టుకు ఒప్పందం చేసుకుంది. 2007 ఫిబ్రవరిలో, అప్పట్లో చికాగోలో ప్రధాన కార్యాలయం ఉన్న ఒక కంపెనీకి ఇక్కడి టైటానియం అమ్మేలా ఇంకో ఒప్పందం కుదిరింది. అభియోగపత్రం దాన్ని 'కంపెనీ ఎ' అనే అంటుంది. అది బోయింగ్ అని తర్వాత పత్రికలు రాశాయి. ఏడాదికి 50 కోట్ల డాలర్లకు పైగా రాబడి వస్తుందని అంచనా. నిందితుల్లో ఫిర్తాష్‌తో పాటు హంగరీ, ఉక్రెయిన్, శ్రీలంక వాళ్లున్నారు, అమెరికాలో స్థిరపడ్డ ఒక భారతీయుడూ ఉన్నాడు. వీళ్లతో పాటు కె.వి.పి. రామచంద్రరావు పేరుంది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డికి ఆయన 'ఆత్మ' అని తెలుగునాట అందరూ అనుకున్న సన్నిహితుడు, ప్రభుత్వ సలహాదారు, తర్వాత రాజ్యసభ సభ్యుడు. తనకూ ఇతరులకూ ఆయన లంచాలు అడిగారన్నది అమెరికా ఆరోపణ. ఆయన ఖండించారు. 2006 ఏప్రిల్ నుంచి 2010 జూలై దాకా రకరకాల సంస్థల మధ్య జరిగిన 57 నగదు బదిలీలను అభియోగపత్రం లెక్కగట్టింది. మొత్తం 1.05 కోట్ల డాలర్లు దాటింది. గని మాత్రం తెరుచుకోనే లేదు.

ఇలాంటి వార్త రాగానే మన చూపంతా డాలర్ల మీదికి పోతుంది: స్విస్ కంపెనీ, ఉక్రెయిన్ కోటీశ్వరుడు, వియన్నాలో అతని అరెస్టు. సినిమాకు పనికొచ్చే సరుకే. కానీ డాలర్లతో కొనబోయిన వస్తువు ఏమిటి? తీరం ఇసుక మీద హక్కు ఎవరికివ్వాలో తేల్చే సంతకం. ఆ సంతకం దగ్గరికి చేర్చగల చనువు. అవి రెండూ హైదరాబాద్ సరుకే. విదేశీ డబ్బు పైరవీని కనిపెట్టలేదు. ఇక్కడ అప్పటికే నడుస్తున్న బజారుకు కొత్త కొనుగోలుదారుగా వచ్చింది, అంతే. అందుకే దర్యాప్తు మొదలుకావాల్సింది డబ్బు బయల్దేరిన చోట కాదు, ఫైలు కదిలిన చోట అని నా వాదన. వనస్థలిపురం ఎన్జీవోస్ కాలనీలో రిటైరైన ఏ సెక్షన్ ఆఫీసరును అడిగినా చెబుతారు. ప్రతి ఫైలుకూ ఒక నోట్‌ఫైల్ ఉంటుంది. ఎవరు ఏ తేదీన ఏం రాశారో, ఎవరి అభ్యంతరం మీద ఎవరు గీత గీశారో, నెలలు పడుకున్న కాగితం ఏ రోజు హఠాత్తుగా పరుగెత్తిందో అందులో ఉంటుంది. బ్యాంకు లావాదేవీలు నాలుగు దేశాలు దాటొచ్చు. నోట్‌ఫైల్ సచివాలయం దాటదు.

చట్టం లేదనుకుంటే అదీ పొరపాటే. 1988 నాటి అవినీతి నిరోధక చట్టంలో 8, 9 సెక్షన్లు సరిగ్గా పైరవీకారు కోసమే పెట్టినవి. అధికారి మీద తన పలుకుబడి వాడతానని చెప్పి ప్రతిఫలం పుచ్చుకోవడం నేరం. 2018 సవరణలో ఇది 7ఏ సెక్షన్‌గా మారింది, 3 నుంచి 7 ఏళ్ల శిక్ష ఉంది. ఇచ్చినవాడు స్విస్ కంపెనీయా, ఎల్బీ నగర్ కాంట్రాక్టరా అన్న తేడా ఈ సెక్షన్‌కు లేదు. గని తెరుచుకోలేదు కాబట్టి నష్టం జరగలేదనే మాట కూడా నిలవదు, ఎందుకంటే పని పూర్తయితేనే నేరమని చట్టం అనలేదు. అడగడమే చాలు. అయితే అదే 2018 సవరణ 17ఏ అనే గడియ కూడా బిగించింది. అధికార హోదాలో తీసుకున్న నిర్ణయం మీద విచారణ మొదలుపెట్టాలన్నా ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. నిజాయతీగా పనిచేసే అధికారిని వేధింపుల నుంచి కాపాడటానికని దాన్ని సమర్థించేవాళ్లున్నారు, ఆ భయం ఉత్తిది కాదు కూడా. కానీ అనుమతి ఇవ్వాల్సిన చేయి, సంతకం పెట్టిన చేయి ఒకే గదిలో ఉన్నప్పుడు ఆ కాపుదల ఎవరికి దక్కుతుందో ఊహించుకోవచ్చు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. అమెరికా కేసులో రాజకీయం లేదా? ఫిర్తాష్‌ను వియన్నాలో పట్టుకున్నది 2014 మార్చి 12న, ఉక్రెయిన్‌లో ప్రభుత్వం కూలిన కొద్ది రోజులకే. 12.5 కోట్ల యూరోల పూచీకత్తు మీద బయటికొచ్చాడు. 2015 ఏప్రిల్‌లో వియన్నా న్యాయమూర్తి అతన్ని అమెరికాకు అప్పగించడానికి ఒప్పుకోలేదు, ఈ కేసు వెనక రాజకీయ ఉద్దేశం ఉందన్నారు. పై కోర్టులు 2017లో, 2019లో ఆ తీర్పును తిరగరాశాయి, అయినా అతను అప్పుడు విమానం ఎక్కలేదు. ఉక్రెయిన్ రాజకీయాల్లో అతని బరువు చూస్తే వాషింగ్టన్‌కు వేరే ఆసక్తులు లేవని నేనూ అనను. కానీ ఆ అనుమానం తేల్చేది ఫిర్తాష్‌ను ఎందుకు పట్టుకున్నారన్న ప్రశ్నను. హైదరాబాద్‌లో ఎవరు ఏం అడిగారన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. అమెరికాకు స్వార్థం ఉందని నమ్మేవాళ్లే మన దర్యాప్తు మనమే చేసుకోవాలని గట్టిగా అడగాలి.

ఏ కోర్టూ నేరం రుజువు చేయనప్పుడు పేర్లు ఎత్తడం న్యాయమా అనీ అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. రామచంద్రరావు దోషి అని ఎక్కడా తేలలేదు. కానీ చూడండి, పరాయి దేశపు కోర్టులో పేరు ఏళ్ల తరబడి వేలాడుతూ ఉండటం నిర్దోషికి పెద్ద శిక్ష. ఇక్కడ ఫైళ్లు తెరిచి చూసి ఉంటే అవి ఆయన్ని పట్టించేవో, విడిపించేవో. ఏదో ఒకటి జరిగేది.

ఇది ఒక్కసారి జరిగిందైతే వదిలేయొచ్చు. 2024 నవంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి ఇంకో అభియోగపత్రం వచ్చింది. సోలార్ కరెంటు కొనిపించడానికి అదానీ గ్రూపు పెద్దలు రూ.2,029 కోట్ల లంచాలు ఎరచూపారని, అందులో రూ.1,750 కోట్లు 2019-24 మధ్య ఉన్నత పదవిలో ఉన్న ఒక ఆంధ్రప్రదేశ్ వ్యక్తికని ఆరోపణ. అభియోగపత్రం ఆయన పేరు చెప్పలేదు. అదానీ గ్రూపు, వైఎస్సార్‌సీపీ రెండూ కొట్టిపారేశాయి. ఒప్పందం కేంద్ర సంస్థ సెకీతో తప్ప అదానీతో కాదని, యూనిట్ రూ.2.49 చవకేనని ఆ పార్టీ వాదన. ధర చవకే అనుకుందాం. రాయిటర్స్ వార్తాసంస్థ పత్రాలు పరిశీలించి రాసినదాని ప్రకారం, 7,000 మెగావాట్లు కొనమని సెకీ లేఖ 2021 సెప్టెంబరు 15న వస్తే, మర్నాడే రాష్ట్ర మంత్రివర్గం ప్రాథమికంగా సరేనంది. డిసెంబరు 1న ఒప్పందం అయిపోయింది. పాతికేళ్ల పాటు జనం బిల్లు కట్టాల్సిన నిర్ణయానికి ఒక్క రోజు! లేఖ రాకముందే చర్చ నడిచి ఉండొచ్చు, తొందరకు మంచి కారణమూ ఉండొచ్చు. ఉంటే అది ఫైలులో ఉండాలి. ఈ తేదీల్లో ఏదీ అమెరికా కనిపెట్టింది కాదు, అన్నీ మన కాగితాల్లోవే.

పైగా అమెరికా మీద ఆధారపడటానికి ఇప్పుడు వీల్లేదు. విదేశీ అధికారులకు లంచమిస్తే శిక్షించే 1977 నాటి వాళ్ల చట్టం అమలును 2025 ఫిబ్రవరి 10న అధ్యక్షుడు ట్రంప్ ఆపించాడు. తమ కంపెనీలకు పోటీలో ఇబ్బంది అవుతోందన్నది ఆయన చెప్పిన కారణం. కొత్త మార్గదర్శకాలతో కొన్ని నెలలకు మళ్లీ మొదలైంది గానీ, ఏ కేసు పట్టుకోవాలో అమెరికా ప్రయోజనాన్ని బట్టే తేలుస్తారని స్పష్టమైంది. మన ఇసుక, మన కరెంటు బిల్లు అక్కడి లెక్కలోకి ఎందుకు వస్తాయి?

మన దగ్గర విదేశీ డబ్బు మీద నిఘా లేదని కాదు, అది కిందివాళ్ల మీదే పనిచేస్తుంది. బ్రిటన్‌లో నమోదైన వేదాంత గ్రూపు కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. చర్య తీసుకోమంది. పార్లమెంటు ఏం చేసింది? 2016 బడ్జెట్ చట్టంతో 'విదేశీ' అన్న మాటకు నిర్వచనమే మార్చి 2010 నుంచి వర్తింపజేసింది. పాత విరాళాలు ఇంకా తగులుకుంటున్నాయని గ్రహించి 2018లో ఆ తేదీని 1976 ఆగస్టు 5కు జరిపింది. నలభై ఏళ్లు వెనక్కి! రెండు పార్టీలూ ఒకటైన అరుదైన సందర్భం అది, గొడవ కూడా పెద్దగా జరగలేదు. మన అమ్మాయి ఫీజు కాగితంలో పర్పస్ కోడ్ తప్పు పడితే మాత్రం బ్యాంకు మళ్లీ రమ్మంటుంది.

కాబట్టి అడగాల్సింది పెద్దదేం కాదు. గనులు, కరెంటు, భూమి అప్పగించే ప్రతి నిర్ణయానికీ ఒప్పందం కుదిరిన రోజే నోట్‌ఫైల్ ఎవరూ అడగకుండానే బయటపెట్టాలి. మంత్రినీ సలహాదారునూ కలిసిన కంపెనీ ప్రతినిధుల పేర్లు, తేదీలు రిజిస్టరులో ఉండాలి. సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ 2005 నుంచీ ప్రభుత్వాలను చాలావరకు ఇదే చేయమంటోంది. పెట్టుబడులు భయపడి పారిపోతాయని పరిశ్రమల శాఖల్లో అంటారు. పోయేవి ఎలాంటి పెట్టుబడులో కూడా చెబితే బాగుండేది. 2006లో బోత్లీ ట్రేడ్ ఫైలు ఏ తేదీన ఏ బల్ల మీద ఉందో ఇన్నేళ్లయినా మనకెవరూ చెప్పలేదు. రాష్ట్ర విభజనలో ఫైళ్లు పంచుకున్నారు కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం తీరాల కాగితాలు ఆంధ్రప్రదేశ్ వాటాలోకే వెళ్లి ఉండాలి. సమాచార హక్కు దరఖాస్తు రుసుము 10 రూపాయలు.