చుక్క వెంట నడిచే యంత్రం

హైదరాబాద్ నవాబు జఫర్ జంగ్ 1901లో ఒక టెలిస్కోపు కొన్నాడు. డబ్లిన్‌లోని గ్రబ్ కంపెనీ తయారీ, ముందు కటకం అడ్డుకొలత 15 అంగుళాలు. నక్షత్రాల మీది మోజుతో కొని, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టుకున్నాడు. తన తదనంతరం అది సర్కారుకు చెందాలన్న ఉద్దేశంతో నిజాం పేరే పెట్టాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కూడా అప్పుడు నిజాం రాజ్యంలోవే. అంటే మన ప్రాంతపు తొలి పెద్ద టెలిస్కోపు ఒక ఔత్సాహికుడి సొంత సొమ్ము.

అలాంటి టెలిస్కోపు నిలబడ్డ చోట నిలబడితే చాలదు, కదలాలి. భూమి తన చుట్టూ తాను 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒకసారి తిరుగుతుంది. కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరిగిపోతుంది. నిండు చంద్రుడు సరిగ్గా పట్టేంత అద్దంలో శనిగ్రహాన్ని పెడితే, రెండు నిమిషాల్లో ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్లి మాయమవుతుంది. దీనికి విరుగుడు జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ చూపించాడు. 1824లో డోర్పాట్ వేధశాలకు ఆయన ఇచ్చిన టెలిస్కోపును గడియారపు యంత్రం తిప్పేది. తాడుకు వేలాడే బరువు మెల్లగా దిగుతూ పళ్ల చక్రాలను తిప్పితే, అవి గొట్టాన్ని నక్షత్రం వెంట జరిపేవి. బరువు అడుగుకు చేరగానే మనిషి మళ్లీ పైకి చుట్టాలి. ఇప్పటి మోటారుకు ముత్తాత అదే.

మళ్లీ హైదరాబాద్ సంగతికి వస్తే, జఫర్ జంగ్ 1907లో చనిపోయాడు. మూసీకి మహా వరద వచ్చిన 1908లోనే వేధశాల సర్కారు చేతికి వచ్చింది, తర్వాత బేగంపేటకు మారింది. అక్కడ పేరు తెచ్చింది మాత్రం గ్రబ్ కాదు, దాని తోడుగా వచ్చిన 8 అంగుళాల కుక్ ఫొటో టెలిస్కోపు. ఆకాశమంతటికీ ఫొటో పటం గీయాలన్న అంతర్జాతీయ పథకంలో చిలీలోని శాంటియాగో వదిలేసిన వాటా, అంటే దక్షిణ ఖగోళంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీ, హైదరాబాద్‌కు వచ్చింది. 1918లో డైరెక్టరైన టి.పి. భాస్కరన్ హయాంలో, 1922 నాటికి గానీ గ్రబ్ టెలిస్కోపు సరిగా నిలబడి పనిలోకి దిగలేదు. కొన్న మనిషి పోయి అప్పటికి 15 ఏళ్లు! నగరం దీపాలు పెరిగాక 1968లో రంగాపూర్ దగ్గర 48 అంగుళాల టెలిస్కోపు వచ్చింది.

ఇంటి డాబాల మీదికి మోటారు విరివిగా ఎక్కింది 1970 తర్వాతే. అమెరికాలో సెలెస్ట్రాన్ సి8 టెలిస్కోపు గోడ ప్లగ్గు కరెంటుతో నడిచేది. 1992లో మీడ్ ఎల్ఎక్స్200 కంప్యూటరుతో వచ్చి, పేరు నొక్కితే గ్రహం వైపు తానే తిరగడం మొదలుపెట్టింది. ఇప్పటివి 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తాయి. కరెంటు పోయినా బెంగ లేదు, పైగా వీధి దీపాలు ఆరిపోతాయి కాబట్టి మనకే లాభం.

మోటారు ఉన్నా మన దగ్గర ఒక చిక్కుంది. జనగామలో ధ్రువ నక్షత్రం ఎత్తు దాదాపు 18 డిగ్రీలే, భూపాలపల్లిలో కాస్త పైన. యంత్రం ఇరుసు దాని వైపే వాలాలి. యూరప్‌లో బాగా పైకి లేచి ఉండే ఇరుసు మన దగ్గర దాదాపు పడుకుంటుంది. అప్పుడు సమతూకం కోసం వేలాడే ఇనుప దిమ్మ స్టాండు కాలికి కొట్టుకుంటుంది. స్టాండుకూ యంత్రానికీ మధ్య ఒక ఎత్తు గొట్టం బిగిస్తే గానీ ఆ తిప్పలు తప్పవు.

ఇక మబ్బు సంగతి. మన రైతు వానలను మృగశిర, ఆరుద్ర కార్తెలతో లెక్కపెడతాడు. సూర్యుడు ఆ చుక్కల దగ్గరుండే రోజులవి, కాబట్టి అప్పుడు అవి కనబడవు. అవే చుక్కలు డిసెంబరులో తేటగా దాదాపు నడినెత్తికి వస్తాయి. శని మాత్రం ఈ మధ్య వానాకాలపు చివరే దగ్గరకొస్తోంది. ముసురు మధ్య పది నిమిషాల తెరిపి దొరుకుతుంది, వాన కడిగిన గాలి అద్దంలా ఉంటుంది. మోటారు అసలు విలువ అప్పుడే తెలుస్తుంది. మబ్బు కమ్మినా యంత్రం కనబడని గ్రహం వెంటే నడుస్తూ ఉంటుంది. మబ్బు జరగ్గానే శని, వలయంతో సహా, అద్దం నడుమనే ఉంటుంది. చేత్తో తిప్పేవాడు వెతుక్కునేసరికి ఆ తెరిపి అయిపోతుంది. ఎడారి ఆకాశం ఉన్నవాడికి మోటారు సౌకర్యం, మనకు అవసరం అని నేనంటాను.

అయితే పేరు నొక్కితే తిరిగే కంప్యూటరుకు అంత డబ్బు పోయనక్కర్లేదు. ముందుగా ఒకటి రెండు చుక్కలు చూపిస్తే గానీ అది దారి పట్టదు, మబ్బులో ఆ చుక్కలే దొరకవు. వెంట నడిచే మోటారు చాలు. శీతాకాలంలో మంచు అద్దం మీద కూర్చోకుండా ముందు ఒక అట్ట గొట్టం తొడగాలి. భూపాలపల్లిలో గనుల దుమ్మూ దీపాలూ వదిలి మహాదేవపూర్ వైపు, మహబూబాబాద్ నుంచైతే కొత్తగూడ, గంగారం వైపు వెళ్తే చీకటి దొరుకుతుంది.

2025లో అంచు తిరిగి గీతలా సన్నబడ్డ శని వలయం మళ్లీ విచ్చుకుంటోంది. 2026 అక్టోబరు 4న శని సూర్యుడికి ఎదురుగా వచ్చి రాత్రంతా కనబడుతుంది. ఆ వారం ముసురు పడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు గానీ, బ్యాటరీ మాత్రం చార్జింగు పెట్టి ఉంచండి.