స్కౌట్ మాస్టారు ఎందుకు పక్కకు తప్పుకుంటారు?

పిల్లలను చూడటానికి మొదటిసారి స్కౌట్ క్యాంపుకు వెళ్లిన తల్లిదండ్రులకు ఒక అనుమానం వస్తుంది. గుడారం వేయడం దగ్గర్నుంచి గంజి వార్చడం దాకా అన్నీ పిల్లలే చేసుకుంటుంటారు. ఆరో తరగతి వాడికి తొమ్మిదో తరగతి వాడు పనులు పురమాయిస్తుంటాడు. మాస్టారేమో అల్లంత దూరాన చెట్టుకింద కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఈయన చేసే పనేమిటి అనిపిస్తుంది. అలా కూర్చోవడమే ఆయన పనిలో కష్టమైన భాగం.

ఈ ఏర్పాటుకు స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ 1907 ఆగస్టులో శ్రీకారం చుట్టాడు. ఇంగ్లండ్ దక్షిణ తీరాన బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఓ ఇరవై మంది కుర్రాళ్లతో క్యాంపు పెట్టాడు. ఈటన్, హారో లాంటి గొప్పింటి బడుల పిల్లలూ, పక్క ఊళ్ల సామాన్య కుటుంబాల పిల్లలూ కలిసి ఉన్నారు. వాళ్లను నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టునూ ఒక పెద్ద కుర్రాడి చేతిలో పెట్టాడు. అంతకుముందు దక్షిణాఫ్రికాలో మాఫెకింగ్ ముట్టడి సమయంలో కబుర్లు మోసిన కుర్రాళ్లను ఆయన చూశాడు. బాధ్యత అప్పగిస్తే ఆ వయసు పిల్లలు ఎంత బాగా మోస్తారో అక్కడే తెలిసింది. మన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లోనూ ఇప్పటికీ ఆరు నుంచి ఎనిమిది మందికి ఒక పాట్రోల్, దానికొక లీడరు.

పెద్దపిల్లలు చిన్నవాళ్లకు నేర్పడం మన వీధిబడుల్లో అంతకు చాలాముందే ఉంది. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి నివేదిక రాస్తూ ఈ పద్ధతిని మెచ్చుకున్నాడు. మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమంలో ఆండ్రూ బెల్ ఇలాంటి పద్ధతినే నడిపి, 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అనే పేరొచ్చింది. అయితే దాన్నీ స్కౌట్ పద్ధతినీ ఒకే గాటన కట్టలేం. బెల్ బడిలో పెద్దపిల్లవాడు ఉపాధ్యాయుడి ఖర్చు తగ్గించాడు. క్యాంపులో లీడరు ఎవరి ఖర్చూ తగ్గించడు. పైగా వాడు నేర్చుకునేదాకా మాడిన అన్నం అందరూ తినాలి.

ఇంతకీ పెద్దపిల్లవాడు నేర్పితే ఒరిగేదేమిటి? క్లోవ్ హిచ్ ముడినే తీసుకోండి. కర్రకు తాడు కట్టడానికి స్కౌట్లు మొదట నేర్చుకునే ముళ్లలో అదొకటి. చిన్నవాళ్లు సాధారణంగా రెండో చుట్టు దగ్గర తడబడతారు. మొదటి చుట్టు తిరిగిన వైపే రెండోదీ తిప్పాలి. వాళ్లు వెనక్కి తిప్పేస్తారు. చూడ్డానికి ముడిలాగే ఉంటుంది, లాగితే జారిపోతుంది. ఏళ్లతరబడి కడుతున్న మాస్టారి వేళ్లకు ఆ తడబాటు గుర్తుండదు. రెండేళ్ల కిందట అక్కడే తప్పిన లీడరుకు బాగా గుర్తుంటుంది. తెలివైనవాడైతే ఎదురుగా కూర్చోడు, పక్కన కూర్చుంటాడు. ఎదురుగా ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి కదా! "ఇంకోసారి చెప్పన్నా" అని వాణ్ని అడిగినంత చనువుగా ఏ పిల్లవాడూ మాస్టారిని అడగడు.

ఆటలు ఆడించడం ముడికన్నా కష్టం. కొత్త లీడర్లు నియమాలన్నీ ముందే ఏకరువు పెడతారు. ఈలోగా చిన్నవాళ్లు ఒకరినొకరు గిల్లుకుంటుంటారు. నాలుగు మాటల్లో చెప్పి, ఒకసారి ఆడి చూపించి, మిగతావి ఆటలో సర్దిచెప్పాలి. ఎండ పిల్లల కళ్లలో పడకుండా, అవసరమైతే తన కళ్లలోనే పడేలా నిలబడాలి. అందరూ ఇంకా ఆడదామని అంటుండగానే ఆపేయాలి. నాకైతే ఈ చివరి సంగతి తెలిసిన పెద్దవాళ్లు కూడా తక్కువే అనిపిస్తుంది.

పిల్లల చేతికి పెత్తనం ఇస్తే అది గాడి తప్పే ప్రమాదమూ ఉంటుంది. అంట్లన్నీ అందరికన్నా చిన్నవాడి నెత్తిన వేసే లీడరు ఉంటాడు. రాత్రి దయ్యాల కథలు చెప్పి ఏడిపించేవాడు ఉంటాడు. అందుకే చెట్టుకింద కుర్చీ అక్కరలేదనుకోవడం పొరపాటు. ఈత, గొడ్డలి, నిప్పు, మందులు, పిల్లల భద్రత, ఇవేవీ పూర్తిగా లీడర్లకు వదిలేసేవి కావు. అన్నం మాడుతుంటే ఊరుకోవచ్చుగానీ, పక్కవాణ్ని హేళన చేస్తుంటే ఊరుకోకూడదు.

మిగతా తగవులకు కోర్ట్ ఆఫ్ ఆనర్ ఉంది. పేరు ఘనంగా ఉన్నా, అది లీడర్లందరూ మాస్టారితో కూర్చుని మాట్లాడుకునే సమావేశమే. ఎవరి పాట్రోల్ కట్టెలు తేలేదు, ఎవరు తిండి తినడం లేదు, రేపు ఎవరిది ఏ పని, అన్నీ అక్కడ తేలతాయి. మాస్టారు సలహా చెబుతారు, తీర్పు మాత్రం వీలైనంతవరకు లీడర్లదే. అంట్ల వంతు లీడరుతో సహా అందరికీ పడాలని తోటి లీడర్లే తేలిస్తే, ఆ మాట మర్నాడు మాస్టారు కేకలేసినదానికన్నా బాగా చెల్లుతుంది.