దోమల మ్యాపులో మన వాడ

వానాకాలం మొదలైతే చాలు, మున్సిపల్ అధికారుల నోట 'హాట్‌స్పాట్' అనే మాట వినబడుతుంది. డెంగీ, మలేరియా, చికున్‌గున్యా ఎక్కువగా వచ్చే పేటలకు వాళ్లు పెట్టుకున్న పేరది. ఈ పేటల్ని గుర్తించడానికి ఇదివరకు సిబ్బంది ఇంటింటికీ తిరిగేవాళ్లు. ఇప్పుడు దానికి తోడు ఉపగ్రహాలు, డ్రోన్లు తీసిన ఫొటోలు వచ్చాయి. పైనుంచి తీసిన ఫొటోని కంప్యూటరు చదివి, ఏ వీధిలో దోమలు పుట్టే అవకాశం ఎంతుందో రంగులేసి చూపిస్తుంది. ఆ ఎర్రరంగు ఏ పేటల మీద పడుతుందో మనం ఊహించగలం.

ఈ మ్యాపులు ఎట్లా తయారవుతాయి, అవి ఏం చూడగలవు, ఏం చూడలేవు, వాటిని మనం ఎట్లా వాడుకోవాలి అన్నది చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇదంతా ఇంజనీర్ల పని, మనకెందుకులే అని వదిలేస్తే, ఆ మ్యాపు చేతబట్టుకుని ఒకరోజు మన వాడకొచ్చేవాళ్లతో మాట్లాడటానికి మన దగ్గర మాట ఉండదు.

దోమలన్నీ ఒకటి కావు

దోమ అనగానే మోరీ గుర్తుకొస్తుంది. మోరీ అనగానే మురికివాడ గుర్తుకొస్తుంది. ఈ చుట్టరికం సైన్సు కలిపింది కాదు. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ ఈజిప్టై దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది ఇంటి దగ్గర నిల్వ ఉన్న శుభ్రమైన నీళ్లలో. డ్రమ్ము, తొట్టి, గోలెం, కూలరు, పాత టైరు, కొబ్బరి చిప్ప - దానికి ఇవే కావాలి. పగటిపూట కుడుతుంది. పుట్టిన చోటు నుంచి నాలుగొందల మీటర్లు దాటిపోవడం అరుదు. దాని గుడ్లు నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, తొట్టి గోడల్ని పీచుతో రుద్ది కడగాలి.

పట్నాల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ స్టిఫెన్సై దోమ బావుల్లో, మూతల్లేని ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, ఇళ్లు కట్టేచోట పెట్టే నీళ్ల తొట్లలో పెరుగుతుంది. పల్లెల్లో మలేరియా తెచ్చే క్యూలిసిఫాసిస్ రకం కాలవల పక్క గుంటల్లో, వాగు మడుగుల్లో పెరుగుతుంది. మురికి నీళ్ల దోమ క్యూలెక్స్. అది తెచ్చేది బోదకాలు. వరి మడుల్లో పెరిగే ఇంకో రకం క్యూలెక్స్ మెదడువాపు జ్వరం తెస్తుంది.

అంటే 'దోమల మ్యాపు' అని ఒకటి ఉండదు. ఏ జబ్బుకు, ఏ దోమకు అని అడగాలి. మోరీలు చూపించే మ్యాపు బోదకాలుకి పనికొస్తుంది గానీ డెంగీకి అంతగా పనికిరాదు. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో కనిపించిన చికున్‌గున్యా 2006లో దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది. ఆ ఏడాది 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. మొదట దెబ్బతిన్న వాటిలో రాయలసీమ జిల్లాలున్నాయి. అది కరువు సీమ. నీళ్లు ఎప్పుడో ఒకసారి దొరికేచోట జనం దొరికినప్పుడే పట్టి దాచుకుంటారు. ఆ దాచుకున్న నీళ్లే ఏడిస్‌కి ఇల్లు.

పైనుంచి ఏం కనిపిస్తుంది

ఉపగ్రహం ఫొటో చిన్నచిన్న గళ్లుగా ఉంటుంది. అమెరికా లాండ్‌శాట్ ఉపగ్రహాల ఫొటోలో ఒక గడి నేలమీద 30 మీటర్ల చదరం. మన వాడల్లో అయితే పది పదిహేను ఇళ్లు ఆ ఒక్క గడిలో కలిసిపోతాయి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఫొటోలో గడి 10 మీటర్లు. ఈ రెండూ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఆకులు మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా వెనక్కి కొడతాయి, నీళ్లు దాన్ని మింగేస్తాయి. ఈ తేడా పట్టుకుని చెరువు ఎక్కడుంది, పచ్చదనం ఎక్కడుంది, పొలంలో నీళ్లు ఎక్కడ నిలిచాయి అని లెక్క కడతారు. పల్లెల్లో మలేరియాకి, మెదడువాపుకి ఈ లెక్క ఉపయోగం.

డబ్బు పెట్టి కొనే ఉపగ్రహ ఫొటోల్లో గడి 30 సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది. వంద మీటర్ల ఎత్తున ఎగిరే డ్రోను ఫొటోలో గడి కొద్ది సెంటీమీటర్లే. అందులో టైరు, డ్రమ్ము, మూతలేని ట్యాంకు, టార్పాలిన్ మీద నిలిచిన నీళ్లు కూడా తెలుస్తాయి. వేల ఫొటోల మీద మనుషులు 'ఇది ట్యాంకు, ఇది టైరు' అని గీతలు గీసి నేర్పితే కంప్యూటరు కొత్త ఫొటోల్లో తనంతట తాను వెతుకుతుంది. బ్రెజిల్‌లో పరిశోధకులు ఇట్లా నగరాల్లో నీళ్ల ట్యాంకులు, ఈతకొలనులు లెక్కబెట్టారు. ట్యాంకులు పేదల పేటల్లో ఎక్కువ, ఈతకొలనులు ఉన్నవాళ్ల పేటల్లో ఎక్కువ అని తేలింది.

పై ఫొటో ఎప్పుడూ పేదవాడినే పట్టిస్తుందని అనుకోనక్కర్లేదు. 2007లో అమెరికా కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ ఊళ్లో విమానం నుంచి ఫొటోలు తీస్తే, చాలా ఈతకొలనులు పచ్చగా పాచిపట్టి కనిపించాయి. ఇళ్ల అప్పులు కట్టలేక జనం ఇళ్లొదిలి పోతున్న ఏడాది అది. ఆ వేసవిలో ఆ కౌంటీలో దోమల వల్ల వచ్చే వెస్ట్ నైల్ జ్వరం కేసులు 276 శాతం పెరిగాయి. పరిశోధకులు ఆ జ్వరాన్ని ఇళ్ల అప్పుల సంక్షోభంతో ముడిపెట్టి చెప్పారు. అడగాల్సిన ప్రశ్న అడిగితే ఫొటో ఈ రకంగా కూడా జవాబిస్తుంది.

కనిపించనిది

పైకప్పు కింద ఏముందో ఫొటోకి తెలియదు. వంటింట్లో డ్రమ్ము, నేలకింద సంపు, మంచం కింద బిందె, కిటికీలో కూలరు అందులో పడవు. ఏడిస్ ఎక్కువగా పుట్టేది అక్కడే. అందుకని కంప్యూటరు 'గుర్తుల' మీద ఆధారపడుతుంది. రేకుల కప్పు, ఇరుకు సందు, చెత్తకుప్ప కనిపిస్తే లోపల నీళ్ల డ్రమ్ములుంటాయని ఊహిస్తుంది. ఊహ నిజం కావచ్చు. అయితే డ్రమ్ము ఎందుకుందన్నది ఫొటోలో రాదు.

డ్రమ్ము ఎందుకుందంటే నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి. 2011 జనగణన ప్రకారం దేశంలో మొత్తం కుటుంబాల్లో సుమారు 47 శాతానికి ఇంటి ఆవరణలోనే తాగునీరు ఉంది. షెడ్యూల్డు కులాల కుటుంబాల్లో అది 35 శాతం, తెగల్లో 20 శాతం లోపే. బయట నుంచి తెచ్చుకునేవాళ్లు నిల్వ పెట్టుకోక ఏం చేస్తారు? 1927లో మహద్ చెరువు దగ్గర అంబేద్కర్ నడిపిన పోరాటం నీళ్ల కోసమే. 1985 జూలై 17న కారంచేడు నరమేధానికి ముందు జరిగిన తగాదా కూడా మాదిగపల్లె తాగే చెరువు నీళ్లని పాడు చేయొద్దన్నందుకే. నీళ్లు ఎవరింటికొస్తాయి, ఎవరింటికి రావన్నది ఈ దేశంలో కులం తేలుస్తూ వచ్చింది. ఆ చరిత్ర పక్కనబెట్టి డ్రమ్ముని మాత్రం చూపిస్తే, నేరం డ్రమ్ము పెట్టుకున్న ఆడమనిషి మీద పడుతుంది.

రెండో లోపం రోగుల లెక్కలో ఉంది. ఫొటోతో వేసిన మ్యాపు సరైందో కాదో చూడటానికి దాని మీద డెంగీ కేసుల్ని చుక్కలుగా పెడతారు. ఆ చుక్క పడాలంటే రక్తపరీక్ష జరగాలి, రిపోర్టు ప్రభుత్వానికి చేరాలి. కూలికి పోయే మనిషి జ్వరమొస్తే ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని మర్నాడు పనికి పోతాడు. అతని జ్వరానికి చుక్క పడదు. కాబట్టి ఒకే వాడ దోమల మ్యాపులో ఎర్రగా, రోగుల మ్యాపులో ఖాళీగా ఉండొచ్చు. నోటీసులకు మొదటి మ్యాపు, మందులకు రెండో మ్యాపు వాడితే మనకు రెండువైపులా నష్టమే.

మార్కులు ఎవరేస్తారు

కనిపించిన ఒక్కో గుర్తుకి కొన్ని మార్కులిచ్చి, కూడి, వీధికి రంగు వేస్తారు. అసలు రాజకీయం ఈ మార్కుల్లో ఉంది. ఊహకి రెండు వీధులు తీసుకుందాం. మొదటి వీధిలో రేకుల ఇళ్లు, ఇరుకు సందులు, పక్కన తెరిచిన మోరీ. నీళ్లు రోజు విడిచి రోజు, అందుకని మూతల్లేని డ్రమ్ములు. రెండో వీధిలో స్లాబు ఇళ్లు, రోజూ నీళ్లు, అపార్టుమెంటు పునాదికి తవ్వి వదిలేసిన నీళ్ల గుంత.

ఒక అధికారి రేకు కప్పుకి 40, ఇరుకుకి 30, మోరీకి 20, నీళ్ల గుంతకి 10 మార్కులు పెట్టాడనుకుందాం. మొదటి వీధికి 90, రెండో వీధికి 10 వస్తాయి. ఇంకో అధికారి రోజూ నీళ్లు రాకపోవడానికి 40, నీళ్ల గుంతకి 30, మూతల్లేని పాత్రలకి 30 పెట్టాడు. మొదటి వీధికి 70, రెండో వీధికి 30.

రెండు లెక్కల్లోనూ మన వీధే ముందుంది కదా, తేడా ఏముందని అడగొచ్చు. ఆ వీధికి రోజూ నీళ్లిచ్చి, డ్రమ్ములకి మూతలిస్తే రెండో లెక్కలో 70 పోయి సున్నా అవుతుంది. మొదటి లెక్కలో 90 అట్లాగే ఉంటుంది. మోరీ కప్పితే 20 తగ్గుతుంది. మిగిలిన 70 మార్కులు ఆ ఇళ్లని తీసేస్తే తప్ప తగ్గవు. మొదటి మ్యాపు ఇళ్లు కూల్చమంటుంది, రెండోది నల్లా వేయమంటుంది. రెండింటినీ సైన్సు పేరుతోనే మన ముందు పెడతారు.

ఇది కొత్త కథ కాదు

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చావుల్ని ఇంటింటికీ మ్యాపు మీద గుర్తించాడు. అవి బ్రాడ్ వీధి చేతిపంపు చుట్టూ గుంపు కట్టాయి. ఆ పంపు పిడి తీసేశారు. ఆ మ్యాపు మనుషుల్ని వదిలి నీళ్లని పట్టుకుంది.

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగికి డబ్బులిచ్చి, అతన్ని కుట్టిన దోమల్నే కోసి చూశాడు. 1899లో రాస్ ఆఫ్రికాలోని ఫ్రీటౌన్ వెళ్లి దోమల గుంటలు పూడ్చమని సలహా ఇచ్చాడు. తర్వాత వచ్చిన మరికొందరు బ్రిటిషు శాస్త్రజ్ఞులు వేరే దారి చూపించారు. ఆఫ్రికన్ పిల్లల రక్తంలో మలేరియా ఉంది కాబట్టి తెల్లవాళ్లు దూరంగా ఉండాలన్నారు. 1904లో ఊరికి పైన కొండమీద తెల్లవాళ్ల కోసం 'హిల్ స్టేషన్' కట్టారు, కిందికి రావడానికి రైలు వేశారు. మన దగ్గర పుట్టిన విజ్ఞానం అక్కడ వెలివాడ కట్టడానికి పనికొచ్చింది.

మన కాలంలోనూ ఈ భయానికి కారణముంది. 2024 సెప్టెంబరులో హైదరాబాదు మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్‌బి-ఎక్స్' అని రాశారు. అది నదీ తీర పథకం కోసం చేసిన సర్వే, దోమల కోసం కాదు. కానీ ఆ గుర్తు చూసినవాళ్లు ఏ సర్వే వచ్చినా 'ఇల్లు పోతుందా' అనే అడుగుతారు. ఆ ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబిచ్చాకే డ్రోను ఎగరాలి.

మనం వేసుకునే మ్యాపు

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇస్రో 2009లో ప్రారంభించిన 'భువన్'లో మన ఊరి ఉపగ్రహ ఫొటో చూడొచ్చు. వాడ వరకు పెద్దగా ప్రింటు తీసి, మీద పలచటి కాగితం పరిచి ఇళ్లు, సందులు గీసుకోవాలి. ఒక కాగితం మీద నల్లాలు, ట్యాంకరు ఆగే చోటు, నీళ్లొచ్చే రోజులు, వేళలు. రెండో కాగితం మీద నిల్వ పాత్రలు, పురుగు కనబడ్డ చోట్లు. మూడోదాని మీద ఈ సీజనులో జ్వరమొచ్చిన ఇళ్లు, పరీక్ష జరిగినా జరగకపోయినా. ఈ మూడో కాగితం బయటికి ఇవ్వకూడదు, వీధికి ఎన్ని అన్న లెక్క మాత్రమే ఇవ్వాలి.

పురుగు లెక్కకి అధికారులు వాడే కొలతలే మనమూ వాడాలి. 50 ఇళ్లు చూస్తే 10 ఇళ్లలో దోమ పురుగు ఉంటే ఇళ్ల సూచీ 20 శాతం. ఆ ఇళ్లలో పురుగున్న పాత్రలు 15 అయితే, నూరిళ్లకి 30 అని లెక్క. దాన్ని బ్రెటో సూచీ అంటారు. నీళ్లు రోజూ వచ్చే వీధిలో, రాని వీధిలో ఈ లెక్క పక్కపక్కన పెడితే వాదన దానంతటదే నిలబడుతుంది.

నీళ్ల వేళలు, పాత్రల సంగతి ఆడవాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏ మోరీ ఎక్కడ పూడిందో సఫాయి కార్మికులకి తెలుసు. వాళ్లతోనే గీయించాలి. డ్రోను వస్తే, తడికల చాటున స్నానాలు చేసే వేళల్లో ఎగరకూడదనీ, ఫొటోలు పోలీసులకి, రెవెన్యూ వాళ్లకి పోకూడదనీ ముందే ఒప్పందం రాయించుకోవాలి. మార్కుల పట్టిక తెలుగులో గోడకి అంటించమని అడగాలి.

మున్సిపాలిటీ తన మ్యాపుతో వచ్చి 'మీ వాడ హాట్‌స్పాట్' అన్నప్పుడు మన మూడు కాగితాల్లో మొదటిది దాని మీద పరచాలి. ఎరుపు పడ్డ చోట నీళ్లు వారానికి ఎన్ని రోజులొస్తున్నాయో ఆ అధికారి చేతే చదివించాలి. చర్చ అక్కడ మొదలవ్వాలి.